కోరుకొండ తీర్థంలో ఫొటో పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఫాల్గుణ శుద్ధ ఏకాదశికి కోరుకొండలో లక్ష్మీనరసింహస్వామికి రథోత్సవం, కల్యాణం. పగటిపూట తీసిన రథం ఫొటోలకు వంక పెట్టలేం. చీకటి పడ్డాక తీసినవాటిలోనే పురోహితుడికి నాలుగు చేతులు మొలుస్తాయి, కొండ మెట్ల మీది దీపాలు గీతలవుతాయి, ముందు నిలబడ్డ పెద్దాయన బట్టతల మాత్రం స్పష్టంగా వస్తుంది. ఈ దోష నివారణకు పుట్టినదీ ఆటవెలది. మూలమూ వ్యాఖ్యా ఒకరివే కనుక మూలంలోని తప్పులను వ్యాఖ్య వెనకేసుకొస్తుందని ముందే మనవి.

మూలం:

లెన్సు తుడిచి ఫ్లాషు లేకుండ మోచేయి
పక్కకంటఁ జేర్చి పట్టి నిలిచి
యూపిరాపి మెల్ల నొత్తుము మీటను
కోరుకొండ తీర్థ ఘోష నడుమ!

ప్రతిపదార్థం: లెన్సు తుడిచి = మెత్తని పొడిగుడ్డతో లెన్సు శుభ్రం చేసి; ఫ్లాషు లేకుండ = ఫ్లాషు ఆపేసి; మోచేయి = మోచేతులను; పక్కకు అంటఁ జేర్చి = డొక్కలకు ఆనించి; పట్టి నిలిచి = రెండు చేతులా పట్టుకుని, కాళ్లు కాస్త ఎడంగా పెట్టి నిలబడి; ఊపిరి ఆపి = సగం ఊపిరి వదిలి ఆ క్షణం నిలిపి; మెల్లన = అదరకుండా; మీటను ఒత్తుము = బటన్ నొక్కుము. ‘మోచేయి’ ఏకవచనమైనా రెండూ అనే గ్రహించాలి. రెండోది పక్కవాడి డొక్కలో పెట్టరాదు.

తాత్పర్యం: వెలుగు తక్కువైన చోట షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉండాలి. ఆ సేపట్లో చేయి కదిలినా, ఎదుటివాడు కదిలినా బొమ్మ చెదురుతుంది. కాబట్టి వెలుగైనా తెచ్చుకో, కదలికైనా మానుకో అని భావం.

విశేషాలు:

1. తుడవడం మొదట చెప్పడంలో ఔచిత్యం ఉంది. తీర్థంలో జీళ్లు తిన్న వేలు ఫోను వెనక లెన్సు మీదే పడుతుంది. ఆ జిడ్డుకు వెలుగు చెదిరి ప్రతి బల్బుకూ నరసింహస్వామి జూలు మొలుస్తుంది.

2. ‘ఫ్లాషు వేయుచు’ అని కొందరి పాఠం. గణం సరిపోయినా యతి చెడుతుంది కనుక గ్రాహ్యం కాదు. ఫలితం దృష్ట్యా కూడా కాదు: దూరం రెట్టింపయితే అందే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఫోను ఫ్లాషు నాలుగైదు గజాలు దాటి పనిచేయదు. కింద నిలబడి 600కు పైగా మెట్ల మీదున్న గుడికి ఫ్లాషు కొట్టేవాడు బట్టతలకే దీపారాధన చేస్తున్నాడు.

3. ‘పట్టి నిలిచి’ అన్నచోట లెక్క ఒకటుంది. లెన్సు 50 మిల్లీమీటర్లదైతే సెకనులో 50వ వంతు, 200దైతే 200వ వంతు. అంతకంటే నెమ్మదిగా షట్టరు నడిస్తే వట్టి చేతిని నమ్మకూడదు. వణుకును అణిచే సదుపాయం కెమెరాలో ఉంటే ఇంకా కొంత నెమ్మదించవచ్చు. అయితే అది మన చేతి వణుకునే ఆపుతుంది. తలంబ్రాలు పోసే చేతులను ఆపలేదు. వాటికి సెకనులో 250వ వంతైనా కావాలి. అందుకు ఎఫ్ 1.8 లెన్సు పనికొస్తుంది, ఎఫ్ 3.5 కంటే దాదాపు 4 రెట్ల వెలుగు తెస్తుంది. అదీ చాలకపోతే ఐఎస్‌ఓ పెంచాలి. గరుకు వస్తుందని భయపడేవారికి సమాధానం: గరుకును తర్వాత తగ్గించుకోవచ్చు, చెదిరినదాన్ని కూర్చలేం.

4. ట్రైపాడ్ జనంలో నిలవదు. స్తంభానికి భుజం ఆనించడం, పిట్టగోడ మీద తువ్వాలు మడతపెట్టి దానిపై ఫోను ఉంచడం శిష్టాచారం. అప్పుడు 2 సెకన్ల టైమర్ పెడితే నొక్కిన అదురు కూడా పోతుంది.

5. ఏకాదశి చంద్రుడికి ఈ పద్యం వర్తించదు. రాత్రి కనిపించినా అతడి మీద పడేది ఎండే. ఐఎస్‌ఓ 100, ఎఫ్ 11, సెకనులో 100వ వంతు దగ్గర మొదలుపెట్టాలి. లేకపోతే తెల్లటి అప్పడమే వస్తుంది. నేల మీది వెన్నెల సంగతి వేరు; పున్నమి వెలుగు కూడా ఎండలో దాదాపు 4 లక్షలవ వంతు. ‘మాయాబజార్’ (1957)లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ చూపిన వెన్నెలతో మన ఫొటోను పోల్చుకుని కుంగిపోనక్కర్లేదు. ఆ వెన్నెల ఆయన కల్పించినదే.

పూర్వపక్షం: ‘మా ఫోను 108 మెగాపిక్సెల్స్‌ది, మాకీ నియమాలెందుకు?’

సిద్ధాంతం: పిక్సెళ్లు పెరిగినంత మాత్రాన వెలుగు పెరగదు. ‘నైట్ మోడ్ ఉంది కదా’ అంటారా, అదీ మంత్రం కాదు. గబగబా ఎన్నో ఫ్రేములు తీసి, వాటిని ఒకదానిపై ఒకటి సరిపెట్టి కలుపుతుంది. ఆ రెండు మూడు సెకన్లూ మీరు నిలకడగా ఉండాల్సిందే. వేళ్లతో తెరను సాగదీసి జూమ్ చేస్తే చాలా ఫోన్లలో ఉన్న బొమ్మనే కత్తిరించి పెద్దది చేసినట్టు. దానికన్నా నాలుగు అడుగులు ముందుకు జరగడం మేలు. ఫోకస్ కుదరక కెమెరా తడుముకుంటుంటే మండపం అంచున దీపం వెలుగు పడే చోట తాకి ఫోకస్ కట్టాలి. నల్లటి ఆకాశాన్ని తాకితే దానికి పట్టు దొరకదు.

ఫలశ్రుతి: ఈ పద్యం చదివినవారికి కాదు, పాటించినవారికే ఫలితం. ఒక్కో దృశ్యాన్నీ వరసగా మూడు నాలుగు సార్లు తీయండి. పెద్దది చేసి చూసి, బాగున్న ఒక్కటి ఉంచుకోండి. తక్కినవి దయచేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి.