అర్హుడు కావలెను

కావలెను: తొలి ఇల్లు కొనదలచిన మధ్యతరగతి మనిషి. దేశంలో ఎక్కడా తన పేరనగానీ, భార్య పేరనగానీ, పెళ్లికాని పిల్లల పేరనగానీ పక్కా ఇల్లు ఉండరాదు. ఏడాది ఆదాయం 9 లక్షలు దాటరాదు. ఇల్లు 35 లక్షలు, అప్పు 25 లక్షలు మించరాదు. ఇన్ని 'రాదు'లను గెలిచొచ్చిన పుణ్యాత్ముడికి ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 కింద గరిష్ఠంగా 1.80 లక్షల వడ్డీ రాయితీ వచ్చును. అదీ ఐదు వార్షిక వాయిదాల్లో.

అటువంటి మనిషి దొరికితే హైదరాబాద్‌లో ఏ వెంచర్‌కైనా పంపి చూడండి. సేల్స్ కుర్రాడు ముందు కూల్‌డ్రింక్ ఇస్తాడు, తర్వాత కాగితం ఇస్తాడు. పైన చదరపు అడుగు ధర. దాని కింద ఫ్లోర్ రైజు, ఈస్ట్ ఫేసింగ్‌కు అదనం, కారు పార్కింగు, క్లబ్‌హౌస్, కార్పస్ ఫండు. తూర్పున పొద్దు పొడవడానికి కూడా రేటు కట్టిన ఊరిది! "35 లక్షల్లో ఏమైనా ఉందా బాబూ?" అంటే, "ఉంది సార్, కాకపోతే కొంచెం దూరం" అంటాడు. ఆ కొంచెం దూరంలో రెండు జిల్లాలు మారతాయి.

కేంద్రం దృష్టిలో అందుబాటు ఇల్లంటే 45 లక్షల లోపుది, హైదరాబాద్ లాంటి మహానగరాల్లో 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా లోపుది. అంటే సుమారు 645 చదరపు అడుగులు. కడుతూ ఉండగా కొంటే దానికి జీఎస్టీ 1 శాతం. గీత దాటారా, 5 శాతం. 2019లో గీసిన గీత అది. మరి సర్కారు వారు తమ భూమిని ఏ ధరకు అమ్ముకున్నారు? 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. గజం రెండు లక్షల పైచిలుకు. ఆ లెక్కన 45 లక్షలకు వచ్చేది 21 గజాలు. ఢిల్లీ సర్కారు చెప్పిన ఇల్లు కట్టుకోవాలంటే హైదరాబాద్ సర్కారు అమ్మిన నేల మీద మంచం పట్టేంత చోటు మిగులుతుంది. ఇద్దరూ ప్రజల కోసమే పాటుపడుతున్నారు.

పన్ను మినహాయింపుల సంగతి మరీ ముచ్చట. తొలి ఇంటివాళ్లకు వడ్డీ మీద అదనంగా 1.5 లక్షల మినహాయింపు అని 2019 బడ్జెట్‌లో చప్పట్లు కొట్టించుకున్నారు. 2022 మార్చి 31 తర్వాత మంజూరైన అప్పులకు అది వర్తించదన్నారు. మర్నాడు ఏప్రిల్ ఒకటి. తారీఖు మాత్రం చక్కగా కుదిరింది.

సరే, మిగిలినదే లెక్కేద్దాం. కడుతున్న అపార్ట్‌మెంట్‌లో 80 లక్షల ఫ్లాటు. జీఎస్టీ 4 లక్షలు. తెలంగాణలోనైనా ఆంధ్రలోనైనా రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, అంటే 6 లక్షలు. పాలు పొంగించకముందే ఖజానాకు 10 లక్షలు. రిజిస్ట్రేషన్ సొమ్మును బ్యాంకు ఇంటి ధరలో లెక్కించదు కాబట్టి అది ఇంటావిడ గాజుల్లోంచి రావాలి. దీనికి ప్రతిగా పాత పన్ను విధానంలో వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల మినహాయింపు ఉంది. 2014లో పెట్టిన ఆ హద్దు అక్కడే ఉంది. 30 శాతం శ్లాబువాడికి సెస్సుతో కలిపి మిగిలేది 62,400. ముందు గుంజుకున్న 10 లక్షలు ఈ దారిన తిరిగి రావాలంటే 16 ఏళ్లు. ఇదీ వారి ఔదార్యం!

కొత్త విధానంలో ఆ బాదరబందీ కూడా లేదు. ఇల్లు అద్దెకిస్తే వచ్చే అద్దెలోంచి వడ్డీని తీసేసి చూపుకోవచ్చు. అందులో మీరే కాపురముంటే పైసా మినహాయింపు లేదు. కొనుక్కున్న ఇంట్లో ఉండటమే మీరు చేసిన తప్పు.

మరి ఇంటి మీద ఉదారంగా మినహాయింపులే లేవా? ఎందుకు లేవు! షేర్లమ్మి లాభం గడించినవారు ఆ సొమ్ముతో ఇల్లు కొంటే లాభం మీద పన్ను మినహాయింపు ఉంది. దానికి హద్దంటూ పెట్టింది 2023 బడ్జెట్‌లోనే. ఆ హద్దు 10 కోట్లు. అప్పటికే ఒక ఇల్లున్నా ఫరవాలేదు. తొలి ఇంటివాడు 45 లక్షల గీత మీద రూపాయి దాటితే జీఎస్టీ ఐదింతలు, ఇక్కడ మాత్రం 10 కోట్ల దాకా కళ్లకద్దుకుంటారు. ఉన్నవాడికే ఊరంతా చుట్టాలు.

నిజంగా మేలు చెయ్యాలనుంటే పథకం అక్కర్లేదు, పోర్టల్ అక్కర్లేదు, ఐదు వాయిదాలూ అక్కర్లేదు. తొలి ఇంటికి రిజిస్ట్రేషన్ ఛార్జీలు తీసుకోకండి. చలానా దగ్గరే తేలిపోయే పని. కానీ ఇచ్చినదానికి ఫ్లెక్సీ కట్టొచ్చు, ఫొటో వేయించుకోవచ్చు. తీసుకోకుండా వదిలేసినదానికి ఎవరి బొమ్మ వేస్తారు?