పొత్తుల ఇల్లు

మెట్రో దిగి మాదాపూర్ పాత ఊరికి పోవాలంటే ఆటో పిల్లగాడు "హాస్టళ్ళ గల్లీకా సార్?" అంటున్నాడు. మా నాయిన పుట్టిన ఊరది. పోచమ్మ గుడి, కచ్చీరు, కల్లు కాంపౌండు, ఏ గుర్తు చెప్పినా వాడికి ఎరుక లేదు.

మా రోజుల్లో ఊరి చుట్టూ ఎవరో పేర్చి పెట్టినట్టు గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. కాయ కన్ను విప్పితే చాలు, కోసుకొచ్చి గడ్డిలో మాగబెట్టేవాళ్ళం. పొలంలో జొన్న, కంది. తంగేడు పువ్వుకు ఎవరైనా పైసలిస్తారా? ఇప్పుడు కట్ట కట్టి రోడ్డు మీద అమ్ముతున్నారు. ఒకనాడు గోలకొండ కోటకు తాగునీళ్ళిచ్చిన దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన వేశారు. రాత్రిపూట దాని దీపాలు చూడడానికి జనం వస్తారు. ఆ నీళ్ళు దోసిట పట్టి తాగినవాళ్ళం మేం. ఇప్పుడు చెయ్యి పెట్టబుద్ధి కాదు.

1992లో శిల్పారామం వచ్చినప్పుడు, "పక్కన ఊరుండంగ పల్లెను చూసేతందుకు టికెటా?" అని నాయిన నవ్వాడు. 1998 నవంబర్‌లో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించాక ఊళ్ళో నవ్వే తీరిక ఎవరికీ లేకపోయింది. ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది. మా పొలం సగం టవర్లు లేవకముందే అగ్గువకు పోయింది. తక్కిన సగానికి మంచి రేటే పలికింది, అక్కడే అన్నకూ నాకూ మాట పోయింది. నేను గోదావరిఖనిలో నౌకరీ చేసుకుంటూ సంతకాల కోసం వచ్చిపోయేవాణ్ణి. ఊళ్ళో లేనివాడికి సమాన వాటా ఏందని ఆయన, కాగితాలు చూపించలేదని నేను. నాయిన దినాలకు కూడా ఒకరి మొఖం ఒకరం చూసుకోలేదు. జొన్నలు పండిన నాడు ఆ భూమి మాకు ఇట్లాంటి పగ పెట్టలేదు. ఎవరేమన్నా సరే, ఈ మాట నేను గట్టిగానే అంటాను.

మిగిలింది గ్రామకంఠంలోని ఇల్లు. ఇద్దరి పొత్తులో ఉంది, ఒక్కరి సంతకంతో కదలదు. బిల్డర్లు ఎందరు తిరిగినా అన్న ఒప్పుకోలేదట. చుట్టూ అయిదంతస్తుల హాస్టళ్ళు లేచి వాకిట్లో ఎండ పడదు. మా ఇంటి మీద మాత్రం ఇంకా గూన పెంకే.

ఈసారి ఎంగిలిపూల బతుకమ్మకు అన్నే ఫోన్ చేశాడు. దర్వాజ దగ్గర తల వంచి లోపలికి పోతే, మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు. "ఏంరా, బుగ్గలు గిట్ల పీక్కపోయినయేం? దా, కూసో." అంతే. పొలం ముచ్చట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మా వదినె ఓరుగల్లు దిక్కు మనిషి. సర్వలో పిండి ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, చిల్లు చిల్లుకూ నూనె చుక్క వేసింది. నాకు అడుగు మాడిన ముక్క ఇష్టమని చిన్నప్పుడు అమ్మకు తెలుసు. ఆ ముక్కే విరిచి నా పళ్ళెంలో పెట్టింది వదినె. ఇన్నేండ్లయినా ఆ సంగతి మరిచిపోలేదామె.

పొద్దుగూకే యాళ్ళకు హాస్టల్ ఆడపిల్లలు వచ్చారు. ఖమ్మం, కరీంనగర్, శ్రీకాకుళం. మెడలో కంపెనీ కార్డులు అట్లాగే ఉన్నాయి. గునుగేదో తంగేడేదో సగంమందికి తెలియదు. మా రోజుల్లో అయిదేండ్ల పిల్ల కూడా ఒంటిచేత్తో వరుస పేర్చేది. ఇంత చదువు చదివి పువ్వు పేరు తెలియకపోవడం నాకు బాధగానే ఉంది. వదినె మాత్రం ఒక్కొక్కరి చెయ్యి పట్టి పేర్పించింది. ప్రతి ఏడూ వస్తారట. పండుగకు ఇంటికి పోను సెలవు దొరకని పిల్లలు.

రాత్రి అన్న పైకి చూపించాడు. మూల వాసం దగ్గర కురుస్తోంది. "ఎండకాలంల పెంక సదిరియ్యాలె. నువ్వు పది దినాలు ఉండేటట్టు రా. నాకు నిచ్చెన ఎక్కరాదు." సదిరేవాళ్ళు దొరకరు, పెంక అంతకన్నా దొరకదు. చేవెళ్ళ దిక్కు పాతిండ్లు కూలగొట్టిన కాడ అమ్ముతున్నారని ఎవరో చెప్పారట. దసరా ఎల్లినంక ఇద్దరం పోయి అడుగుతాం.