ఒకటిన్నర స్పీడు

మా రోజుల్లో సినిమా అంటే కాచిగూడ చౌరస్తా నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా కాలినడక. రిక్షా డబ్బులు మిగిలితేనే ఇంటర్వెల్లో సమోసా. సుదర్శన్, దేవి, సంధ్య, ఓడియన్... ఒకచోట హౌస్‌ఫుల్ బోర్డు కనపడితే రోడ్డు దాటి ఇంకో క్యూలో నిలబడేవాళ్లం. క్యూలో ముందున్నవాడితో తగువు పెట్టుకుని, టికెట్టు చేతికొచ్చేసరికి వాడితోనే దోస్తీ కట్టేవాళ్లం. ఇప్పుడు సుదర్శన్ 70 ఎంఎం లేదు, ఓడియన్ కూల్చేశారు. మిగిలినవాటికి టికెట్టు ఫోన్లోనే. క్యూ లేదు, తగువూ లేదు. పక్క సీట్లో ఎవడున్నాడో చూసేవాడూ లేడు.

అప్పట్లో సినిమాకి ప్రింట్లు కొన్నే ఉండేవి. ఒక్కోసారి రెండు హాళ్లకి ఒకటే ప్రింటు. ఇక్కడ ఆడిన రీళ్ల డబ్బాలు పరుగున అక్కడికి వెళ్లేవి. రీలు తెగితే ఈలలు, అరుపులు. ప్రింట్లు తక్కువ కాబట్టే సినిమా నిదానంగా ఊళ్లన్నీ తిరిగేది. 1980లో ‘శంకరాభరణం’ మొదట్లో ఖాళీ కుర్చీలకే ఆడింది. చూసినవాళ్లు పక్కింట్లో చెప్పారు, పక్కింటివాళ్లు చుట్టాలకు చెప్పారు, హాళ్లు నిండాయి. ఈరోజు అలాంటి సినిమా వస్తే శుక్రవారం మ్యాట్నీకల్లా ఫోన్లలో తీర్పు, సోమవారానికి హాలు ఖాళీ, కొన్ని వారాలకే ఓటీటీ. నోటిమాట పాకడానికి వ్యవధి ఏదండీ?

టీవీ సంగతీ అంతే. హైదరాబాద్‌కి దూరదర్శన్ 1977లోనే వచ్చినా మా వీధిలో టీవీ ఉన్న ఇళ్లు ఒకటో రెండో. 1987లో ‘రామాయణ్’ మొదలయ్యాక ఆదివారం పొద్దున ఆ గడప ముందు చెప్పులే చెప్పులు. హిందీ ముక్క రాని బామ్మలదే ముందు వరస. మధ్యలో కరెంటు పోయిందా, పోయిన కథ పోయినట్టే. చూసినవాళ్లు చూడనివాళ్లకు వారమంతా చెప్పాల్సిందే. పక్కింటితో మాటల్లేకపోయినా ఆ కథ కోసమైనా మాట కలిపేవాళ్లం.

అశోక్‌నగర్ సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఒక్క పేపరు నలుగురి చేతుల్లో షీట్లుగా విడిపోయేది. ఆటల పేజీ పట్టుకున్నవాడి మొహం చూస్తూ కూర్చోవాలి. వాడు తల ఎత్తగానే చెయ్యి చాచాలి. ఇప్పుడు ఉద్యోగ పరీక్షల పిల్లలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాఠాలు వింటుంటారు. వాళ్లనేమీ అనను. కోచింగ్ ఫీజు కట్టలేని పిల్లాడికి ఫోన్లో పాఠం దొరకడం చిన్న విషయమా?

నా బాధల్లా మా ఇల్లు. నలుగురం, నాలుగు ఫోన్లు. మనవడు సినిమాని ఒకటిన్నర స్పీడులో చూస్తాడు. ‘టైం సేవ్ తాతా’ అంటాడు. తెర మీద తల్లి చచ్చి హీరోయిన్ ఏడుస్తుంటే ఆ ఏడుపూ పరుగే. మిగిలిన టైంతో ఏం చేస్తావురా అంటే, రీల్స్ చూస్తాడట!

మా ఆవిడ మాత్రం నన్ను సమర్థించదు. ‘అప్పట్లో రేడియో చెవి మెలేసేది మీరే. మీ వార్తలయ్యాకే కదా నాకు పాట? ఇప్పుడు నా పాట నా ఇష్టం’ అంటుంది. కాదనలేను. ఇల్లంతా కలిసి విన్నామంటే ఇంటి పెద్ద పెట్టిందే విన్నామని లెక్క.

సరే, పెత్తనం పోవాల్సిందే. దాంతోపాటు కలిసి కూర్చోవడం ఎందుకు పోవాలి? అందుకే రూలు పెట్టాను: నెలకో ఆదివారం, ఒకే టీవీ, అసలు స్పీడు, మధ్యలో ఆపకూడదు. ఏ సినిమా అన్నదాని మీదే మొదటిసారి పెద్ద రభస జరిగింది. చివరికి ఆవిడ మాటే నెగ్గింది. సినిమా అయ్యాక ‘ఏం బాలేదు’ అన్నాను. ముగ్గురూ ఒక్కసారిగా నా మీదికి లేచారు. అన్నం చల్లారిపోయేదాకా వాదించుకున్నాం. నేను కోరిందీ అదే కదా!