ఆపు నొక్కితేనే మొదలు

అమెరికాలో ఇల్లు వదిలి నాలుగు ఊళ్లు తిరగాలనుకున్నవాడు ఇంకో ఇల్లు కొంటాడు. దానికి చక్రాలుంటాయి. మోటార్‌హోమ్ అంటారు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, కప్పు మీద రెండు మూడు ఏసీలు. అడవిలో చల్లగాలికి కూర్చోవాలంటే ఇవన్నీ తప్పవు మరి. ఏసీకి కరెంటు కావాలి. కరెంటుకి జనరేటర్ కావాలి. జనరేటర్‌కి డీజిల్ కావాలి, కనిపెట్టుకుని ఉండటానికి ఒక మనిషీ కావాలి. ఆ మనిషి బండి ఓనరే.

మన దగ్గర జనరేటర్ ఓనర్‌కి ఓ హోదా ఉంది. షూటింగ్‌కి జనరేటర్ వ్యాన్ వస్తే దాంతోపాటే ఆపరేటర్ దిగుతాడు. అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోతే వాచ్‌మన్ పరిగెత్తుతాడు. పాడైతే మెకానిక్ వస్తాడు. ఓనర్ పక్కన నిలబడి టీ తెప్పించి, ఎంతవుతుందో అడిగి, చెప్పినదాంట్లో సగానికి బేరమాడతాడు. ఆయన చేసే మరమ్మతు అంతవరకే. అమెరికాలో మెకానిక్ గంటల లెక్కన డబ్బు తీసుకుంటాడు, బేరం ఉండదు. అందుకని లక్షల డాలర్లు పోసి బండి కొన్న పెద్దమనిషి పొదుపంతా ఆయిల్ ఫిల్టర్ దగ్గర మొదలెడతాడు. ఆ పొదుపు కోసం ముందుగా ఒక పానాల సెట్టు, టార్క్ రెంచ్, ఆయిల్ పట్టే ట్రే, తలకు కట్టుకునే లైటు, మోకాళ్ల కిందికి మెత్త కొంటాడు. మెకానిక్‌కి ఇవ్వాల్సింది మిగిలిందని ఇంట్లో చెబుతాడు. ఇంటావిడ ఆ పానాల సెట్టు వంక చూసి ఊరుకుంటుంది.

పెద్ద డీజిల్ మోటార్‌హోమ్‌లలో తరచుగా కనిపించేది ఒనాన్ అనే బ్రాండు వాళ్ల ‘క్వైట్ డీజిల్’ జనరేటర్. నిశ్శబ్దం పేరులోనే ఉంది. అయినా అమెరికా ప్రభుత్వం పేరును నమ్మి ఊరుకోలేదు. నేషనల్ పార్కుల్లో జనరేటర్ చప్పుడు 50 అడుగుల దూరాన 60 డెసిబెల్స్ దాటకూడదని రూలు పెట్టింది. యోసెమిటీ పార్కులోనైతే ఉదయం 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7. ఆ వేళల్లోనే జనరేటర్ వెయ్యాలి. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో టైం టేబుల్ చూసుకుని బతకడం మనవాళ్లకు కొత్త కాదు. కాకపోతే దానికోసం మనం ముందే బుక్ చేసుకుని, అంతదూరం వెళ్లి, ఎదురు డబ్బు కట్టలేదు.

ఇలాంటి బండి కొన్న ఓ తెలుగబ్బాయి దగ్గరికి ఆర్నెల్ల వీసా మీద నాన్న వచ్చాడనుకుందాం. పల్నాడులో బావి గట్టున ఆయిల్ ఇంజన్ తిప్పి అరవై ఎకరాల తగాదాలు చూసిన మనిషి. జనరేటర్ నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. కొడుకు పుస్తకం తీశాడు.

“ఏంట్రా ఆ లైటు మిణుకుమిణుకు మంటోంది?”

“అది కోడ్ నాన్నా. మూడుసార్లు మెరిసింది. అంటే అసలు జబ్బు వేరే ఉందని. అదేమిటో తెలియాలంటే ఆపు బటన్ నొక్కాలి.”

“ఆగిపోయినదాన్ని మళ్లీ ఆపుతావా?”

నొక్కాడు. మూడుసార్లు, కాస్త ఆగి ఆరుసార్లు మెరిసింది. ముప్ఫై ఆరు. పుస్తకంలో దానికి అర్థం: కంట్రోలర్ ఆపమని చెప్పకుండానే ఇంజన్ ఆగిపోయింది.

“అది నాకూ కనబడుతూనే ఉంది కదరా. ఎందుకాగిందీ అని?”

“అది మనమే కనుక్కోవాలి.”

కొడుకు బండి కిందికి దూరాడు. ఫ్యూయెల్ ఫిల్టర్ మార్చాడు. గొట్టాల్లో గాలి చేరిందేమోనని ఆపు బటన్ నొక్కి పట్టుకున్నాడు. ఈ యంత్రంలో పంపు ఆడించి గాలి బయటికి పంపాలంటే ఆపు బటనే పట్టుకోవాలి. మొదలుపెట్టే ముందు ఆపు, ఆగాక ఆపు, ఎందుకాగిందో తెలియడానికీ ఆపు. గాలి తీశాక స్టార్టైంది. కాసేపటికి మళ్లీ ముప్ఫై ఆరు. కొడుకు కొత్త పంపుకి ఆర్డర్ పెట్టబోతున్నాడు.

“ఏరా, ట్యాంకులో డీజిల్ ఎంతుంది?”

“పావు దాకా ఉంది నాన్నా. బండి ఇంకా బోలెడు దూరం పోతుంది.”

“బండి పోతుంది సరే. దీనికి అందుతోందా అని?”

కోడలు గుమ్మంలోంచి అంది: “మావయ్యగారూ, ముందే మిమ్మల్ని అడగాల్సింది. పంపుకన్నా మీ టికెట్టే చవగ్గా ఉంది.”

పెద్దాయన అడిగినదే అసలు రహస్యం. బండి ఇంజన్‌కీ జనరేటర్‌కీ డీజిల్ ట్యాంకు ఒకటే. జనరేటర్ గొట్టాన్ని మాత్రం కావాలనే పొట్టిగా పెడతారు. ట్యాంకు పావు వంతుకు దిగేసరికి అది డీజిల్‌ను అందుకోలేదు. ఏసీ ఆగుతుంది, ఇంటికి చేరేంత డీజిల్ మిగులుతుంది. అడవిలో చల్లగా పడుకున్న మనిషి తిరుగు ప్రయాణం గురించి ఆలోచించడని తయారుచేసినవాడికి ముందే తెలుసు. చెబితే వినడనీ తెలుసు. అందుకే చెప్పడం మానేసి గొట్టం కోశాడు.

సొంతంగా చేసుకుంటున్నాను, నా బండికి నేనే రాజు అనుకునే ఓనర్‌ని ఆ యంత్రం అడుగడుగునా ఇలాగే ఆడిస్తుంది. గంటల మీటర్ నిండితే ఆయిల్ మార్చాలి. నిండకపోయినా ఏడాది దాటితే మార్చాలి. కూలెంట్, బెల్టు, ఎయిర్ ఫిల్టర్ చూడాలి. బండిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో నొక్కి చూడాలి. ఈ ఒక్కదాని మీద మాత్రం హాస్యం వద్దు. ఆ వాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

అన్నిటికన్నా పెద్ద ఆజ్ఞ వేరే ఉంది. జనరేటర్‌ని ఖాళీగా ఉంచకూడదు. నెలకోసారి గంటో రెండు గంటలో నడపాలి, అదీ సగం లోడ్‌కి తగ్గకుండా. లోడ్ లేకుండా నడిపితే ఇంజన్ లోపల తగినంత వేడి పుట్టదు. డీజిల్ సరిగ్గా కాలక, మసితో కలిసి జిగురులా పొగగొట్టంలో పేరుకుంటుంది. అసలు నడపకపోతే పాత డీజిల్ చెడుతుంది, వైండింగ్‌లో చెమ్మ చేరుతుంది. కష్టపడి అరిగిన జనరేటర్లకన్నా సుఖపడి చెడినవే ఓనర్లను ఎక్కువ ఏడిపిస్తాయి. అందుకే మంచు పడుతున్న రోజున కూడా ఇంటి ముందు ఆగి ఉన్న బండిలో ఓ పెద్దమనిషి కరెంటు హీటర్లన్నీ వేసుకుని, చొక్కా విప్పి కూర్చుంటాడు. ఆయనకు చలి లేదు. జనరేటర్‌కి లోడ్ కావాలి.

ఈ చాకిరీ పడలేక కొందరు తెలివైనవాళ్లు కప్పు నిండా సోలార్ పలకలు, కింద లిథియం బ్యాటరీలు పెట్టించుకున్నారు. చప్పుడు లేదు, పొగ లేదు, డీజిల్ ఖర్చు లేదు. జనరేటర్‌తో అవసరమే లేదు. అవసరం లేదు గనక అది ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉంటే పాడవుతుంది. కనక ఎండ విరగకాసే మధ్యాహ్నం పైనుంచి ఊరికే వస్తున్న కరెంటును కట్టేసి, కిటికీలు తెరిచి, ఏసీలన్నీ వేసి, అలాంటి ఓ తెలివైనవాడు డీజిల్ తగలేస్తుంటాడు. ఇంత ఎండలో ఇదేం పనండీ అని దారినపోయేవాళ్లు అడిగితే, ముఖం తుడుచుకుంటూ, “సోలార్ పెట్టించాం కదండీ, అందుకు” అంటాడు.