కొత్త కాపురానికి ఆదివారం భోజనం: అనుభవజ్ఞుడి సలహాలు

పెళ్లయి నెల తిరక్కుండానే మదీనాగూడలో డబుల్ బెడ్‌రూమ్ అద్దెకు తీసుకుని దిగిన జంటల కోసం ఇది రాస్తున్నాను. పదకొండేళ్లుగా ఇక్కడే కాపురం చేస్తున్నవాణ్ణి, నా మాట వినండి. వింటే ఏమవుతుందో మా ఆవిడని మాత్రం అడగకండి.

మొదటి ఆదివారం ఊరు చూడాలి, బయట తినాలి. ఎక్కడికి వెళ్లాలో ముందు రోజే అనుకోవడం తప్పు. పన్నెండున్నర దాకా మంచం దిగకుండా ఫోన్లో రేటింగులు చూడండి. 4.1 హోటల్ వద్దు, 4.2 కావాలి. ఆవిడ "ఎక్కడైనా పర్లేదండీ" అంటుంది. నమ్మేయండి.

చార్మినార్ చూసి, అక్కడే బిర్యానీ తినాలని కొత్తగా వచ్చిన ప్రతి జంటకీ ఉంటుంది. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఎంజీబీఎస్‌లో దిగొచ్చు. 2018 నుంచీ ఆ సుఖం ఉంది. అక్కణ్ణుంచి ఆటోకి దగ్గరే. అయినా వద్దు. రైల్లో డ్రైవింగ్ వంక ఉండదు, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడాల్సి వస్తుంది. కారు తీయండి. హైవే మీద ఒక్కో సిగ్నల్ దగ్గర ఒక్కో పాత సంగతి పైకొస్తుంది. మియాపూర్‌లో మీ అమ్మగారన్న మాట, కూకట్‌పల్లిలో పెళ్లి విస్తట్లో వడ్డించని కాజా, మూసాపేటలో వాళ్ల బాబాయికి మీరు పెట్టని నమస్కారం. ఎర్రగడ్డ వచ్చేసరికి ఇద్దరూ కిటికీల్లోంచి బయటికి చూస్తుంటారు. 1591లో కులీ కుతుబ్ షా కట్టించిన కట్టడం, వచ్చే ఆదివారానికి ఎక్కడికీ పోదు. అమీర్‌పేటలో యూటర్న్ కొట్టండి. మేం మూడుసార్లు కొట్టాం.

వెనక్కొస్తూ దారిలో ఏ హోటల్ ముందు కార్లు ఎక్కువుంటే అక్కడ ఆగండి. సింగిల్ ఇద్దరికీ సరిపోతుందని సర్వర్ మంచి మాటే చెప్తాడు. వినకండి. ఫ్యామిలీ ప్యాక్ చెప్పండి, తలకి తక్కువ పడుతుంది. బుధవారం దాకా ఫ్రిజ్‌లోంచి తీసి వేడి చేసుకునేది ఎలాగూ ఆవిడే.

ఇక వడ్డన. ఇదే ముఖ్యం. కచ్చి బిర్యానీలో మసాలా, పెరుగు పట్టించిన పచ్చి మాంసాన్ని గిన్నె అడుగున పరుస్తారు. సగం ఉడికిన బియ్యం దాని మీద పోసి, మూత చుట్టూ పిండి మెత్తి దమ్ పెడతారు. అంచేత పైన తెల్లన్నం, రుచంతా కింద. తెలిసినవాడు గరిట అంచు వెంట నిలువుగా దించి, అడుగు దాకా పోనిచ్చి పైకి తీస్తాడు. మీరు లేడీస్ ఫస్ట్ అంటూ గరిట అడ్డంగా పెట్టి, పైపైన తెల్లన్నమంతా ఆవిడ ప్లేట్లో కుప్ప పోయండి. అడుగున మిగిలిన ముక్కలు, మసాలా త్యాగబుద్ధితో మీరు తీసుకోండి. ఆవిడ మిర్చీ కా సాలన్ కలుపుకుని ఏమీ అనదు. మొదటి ఆరు నెలలు.

ఈలోగా హైటెక్ సిటీ ఆఫీసు నుంచి కాల్ వస్తే ఎంగిలి చేత్తోనే ఎత్తండి. స్పీకర్ పెడితే ఆవిడకీ కాలక్షేపం.

భోజనమయ్యాక ఇరానీ చాయ్. ఒక కప్పు చెప్పి రెండుగా పోయించుకునే వన్ బై టూ అలవాటు ఈ ఊళ్లో ఉంది. పరువు తక్కువ పని. చెరొక కప్పు చెప్పి, సగం సగం వదిలేయండి.

ఇంటికొచ్చి నేను పార్కింగ్‌లో కారు ముందుకీ వెనక్కీ తిప్పుతుంటే మా ఆవిడ దిగి ఎటో వెళ్లిపోతుంది. మొన్న వెతుక్కుంటూ వెళ్తే, సందు చివర పునుగుల బండి దగ్గర ఎదురింటావిడతో కలిసి ఒకే పొట్లంలోంచి తింటోంది. నన్ను చూసి పొట్లం దాచలేదు, ముందుకీ చాపలేదు. బండాయన అడక్కుండానే ఆవిడకి ఇంకో గరిటె అల్లం చట్నీ వేశాడు. మా ఆవిడకి అల్లం చట్నీ ఇష్టమని నాకు అప్పుడే తెలిసింది.

ఆ బండి ఎక్కడో మీకు చెప్పను. దానికి రేటింగ్ లేదు.