హెక్టారు సారూ, ఒక మూట డీఏపీ

శనగ విత్తే కాలం దగ్గరపడితే నంద్యాల జిల్లాలో రెండు మొలుస్తాయి. ఒకటి నల్లరేగడిలో కలుపు, రెండోది కల్యాణమండపాల్లో రైతు అవగాహన సదస్సు. మొదటిదాన్నయితే పీకెయ్యొచ్చు.

శాలువాలు కప్పడం అయ్యాక లైట్లార్పి తెర మీద స్లైడు వేస్తారు: హెక్టారుకు 20 కిలోల నత్రజని, 50 కిలోల భాస్వరం. ఆపైన గ్రాఫు, దాని మీద ఇంకో గ్రాఫు. రైతు పుట్టి బుద్ధెరిగాక హెక్టారు మొహం చూసి ఉండడు. ఆయనకున్నవి ఎకరాలు, సెంట్లు, వాటి మీద అప్పులు. వెనక వరసలో ఓ పెద్దాయన లేస్తాడు.

"అదంతా సరే సార్, ఎకరాకు ఎన్ని మూటలెయ్యల్ల?"

"ప్రశ్నలు చివర్లో" అంటారు. చివర్లో భోజనాలుంటాయి.

జవాబు చూస్తే ఇంతే. ఆ లెక్కను ఎకరాకు దించితే 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం. యాభై కిలోల డీఏపీ మూటలో ఉండేది 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం. భూసారాన్ని బట్టి కాస్త అటూఇటూగా ఎకరాకు ఒక మూట. ఈ ముక్క ముందే చెప్పేస్తే మైకు ముందు మిగతా రెండు గంటలూ ఏం చెయ్యాలి? ముఖ్య అతిథి ఎదుట ఒక్క మూటతో సరిపెడితే చదువుకున్న చదువు పరువేం కాను?

రైతుకు సాంకేతికం ఎక్కదనేది వేదిక మీద పుట్టిన మాట. టీ బంకు దగ్గర బీపీటీ 5204 వరి, జేజీ 11 శనగ అని తడుముకోకుండా మాట్లాడుకునేది ఎవరు మరి? 1906 నాటి నంద్యాల పరిశోధన స్థానం ఎన్‌బీఈజీ 47 శనగను ఇచ్చింది. ఎత్తుగా పెరుగుతుంది, మిషనుతో కోయొచ్చు అంటే చాలు, కూలీల కోసం తిరిగి తిరిగి అలిసినవాడికి ఇక గ్రాఫు అక్కర్లేదు. ఆళ్లగడ్డ శిల్పుల దగ్గరికి పోయి చూడండి. విగ్రహానికి బయానా ఇచ్చేవాడికి వాళ్లు శిల్పశాస్త్రం అప్పజెప్పరు, రాతి మీద గీత గీసి చూపిస్తారు.

2015లో మొదలైన భూసార కార్డులో పీహెచ్, ఈసీ, సేంద్రియ కర్బనం, బోరాన్ అంటూ పన్నెండు అంశాలున్నాయి. చాలా ఇళ్లలో అది పాసుపుస్తకం మధ్య భద్రంగా ఉంటుంది. పురుగుమందు డబ్బాల మీద, చదువు రానివాళ్లకూ తెలియాలని, 1971 నాటి నిబంధనల ప్రకారం రంగులు వేస్తున్నారు. ఎరుపు అతి విషం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మంచి ఆలోచనే, కానీ రంగుల వరస విప్పి చెప్పేవాడేడీ? పచ్చ రంగుంటే పైరు పచ్చబడే మందనీ, పుర్రె బొమ్మ ఉంటే సరుకు గట్టిదనీ అనుకునేవాణ్ని ఏమంటాం?

ఇంత గందరగోళంలోనూ రైతుకు అర్థమయ్యేలా మాట్లాడేవాడు ఒకడున్నాడు, మందుల షాపాయన. "ఇది కొట్టన్నా, తెల్లారేసరికి పురుగు రాలకపోతే నన్నడుగు" అంటాడు. స్లైడు లేదు, హెక్టారు లేదు, పైగా అప్పు ఇస్తాడు. ఈ సంగతి సర్కారుకూ తెలిసినట్టుంది. హైదరాబాదులో సర్కారుదే అయిన మేనేజ్ సంస్థ 2003లోనే ఎరువుల, పురుగుమందుల డీలర్లకు వ్యవసాయ విస్తరణలో ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. పాఠాలు చెప్పేది మాత్రం సైంటిస్టులే. ఆ క్లాసుల్లోనైనా హెక్టారును ఎకరాలు చేసి చెబుతున్నారో, ప్రశ్నలు చివర్లో అంటున్నారో డీలర్లే చెప్పాలి.