కృతిపతి ఊళ్లో నా కాపురం

నా పేరు కళాపూర్ణోదయం. పదహారో శతాబ్దంలో పింగళి సూరన నన్ను రాసి నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చాడు. నా అవతారికలో ఆ ప్రభువుల వంశవర్ణన ఉంటుంది. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది ఆ కావ్యానికి ఒక అచ్చు ప్రతి. మద్రాసులో అచ్చయి, రైలెక్కి వచ్చి, నంద్యాలలో ఒక గ్రంథాలయం బీరువాలో కుదురుకున్నాను. కృతిపతి ఏలిన ఊళ్లోనే కాపురం ఉండే యోగం నా తోటి ప్రతుల్లో ఎన్నింటికి పట్టిందో గాని, నాకు పట్టింది. లోపలి పేజీ మీద ఊదారంగు ముద్రలో ఊరి పేరు చూసుకుని ఇప్పటికీ మురిసిపోతుంటాను.

చదివినవాళ్లు నా గురించి ఏమన్నారన్న దాని మీదే నా పేరు నిలబడింది. 1914లో కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’ అచ్చు వేయించాడు. అది ప్రధానంగా నా మీదా, సూరనే రాసిన ప్రభావతీ ప్రద్యుమ్నం మీదా చెప్పిన అభిప్రాయం. అంతకుముందు ప్రబంధం మంచిచెడ్డలు చెప్పేవాళ్లు ఎక్కువగా అలంకారాలు ఎంచేవాళ్లు, వ్యాకరణ దోషాలు పట్టేవాళ్లు. ఈయన కథ ఎట్లా అల్లుకుందో చూశాడు, పాత్రలకు ప్రాణం ఉందా అని అడిగాడు, కవి భావనాశక్తి ఎంతదూరం పోయిందో కొలిచాడు. ఆధునిక తెలుగు విమర్శ అక్కణ్ణుంచే మొదలైందని చెప్పే పండితులు ఎందరో ఉన్నారు. అదే 1914 ఏప్రిల్‌లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. పుస్తకాన్ని ఊరికి చేర్చే పనీ, చేరిన పుస్తకం గురించి నిర్భయంగా మాట్లాడే పనీ ఒకే ఏడు ఊపందుకున్నాయన్నమాట. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు తర్వాత ఆ గ్రంథాలయ ఉద్యమానికి పెద్దదిక్కయ్యాడు. వాళ్ల చెమట వల్లే నేనీ బీరువాలో ఉన్నాను.

గ్రంథాలయం పుస్తకం మీద రాతలు రాయకూడదని గోడ మీదే ఉంటుంది. ఆ కట్టుబాటు మంచిదే. అయినా నా అంచుల్లో సన్నటి పెన్సిలు రాతలు కొన్ని ఉన్నాయి, వాటిని చెరపకుండా వదిలేసిన చేతులకు నేను రుణపడి ఉన్నాను. బ్రహ్మ సరస్వతికి చెప్పే కథలో కళాపూర్ణుడి తండ్రి సుముఖాసత్తి అనీ, తల్లి మణిస్తంభుడనీ వస్తుంది. ఎవరో అక్కడ గీత గీసి ‘అచ్చు తప్పు, పేర్లు తారుమారు’ అని రాశారు. దాని కింద ఇంకో చేతిరాత: ‘తప్పు కాదు. వాళ్లిద్దరూ రూపాలు మార్చుకున్నారు, ఆడది మగవాడైంది, మగవాడు ఆడదయ్యాడు. కథంతా మళ్లీ చూడండి.’ ఆ కింద మొదటి చేతిరాతే మళ్లీ: ‘చూశాను. ఈ సూరన మామూలోడు కాదు.’ ఆ ఇద్దరూ ఎప్పుడైనా ఎదురుపడ్డారో లేదో నాకు తెలీదు. నా అంచు మీదే కలుసుకున్నారు.

నన్ను ఆళ్లగడ్డకు తీసుకుపోయింది ఒక తెలుగు మాస్టారు. నంద్యాలలో నన్ను తీసుకుని, చేతిసంచిలో పెట్టుకుని, శిరివెళ్ల మీదుగా పల్లెవెలుగు బస్సులో ప్రయాణం. ఒకవైపు దూరంగా నల్లమల, దారి పొడుగునా నల్లరేగడి చేలు. ఆళ్లగడ్డ శిల్పుల ఊరు. రోడ్డు పక్కనే పందిళ్ల కింద రాయి చెక్కుతుంటారు, ఆ శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మాస్టారి స్నేహితుడు ఒక ఆచారి. సాయంత్రం ఉలులు పక్కన పెట్టాక మాస్టారు నాలోంచి పద్యం చదివి, అర్థం చెప్పేవాడు. ఆచారి, ఆయన కొడుకు, పనివాళ్లు ఇద్దరు ముగ్గురు, గడప దగ్గర కూర్చుని వక్క కొరుక్కునే అవ్వ. నా బతుకులో అంత మంచి సభ ఇంకొకటి లేదు.

నా కథ చిక్కుముడి లాంటిది. ద్వారకలో కలభాషిణి స్నేహితురాళ్లతో ఉయ్యాల ఊగుతుండగా మొదలవుతుంది. ఆకాశంలో రంభా నలకూబరులు విమానంలో పోతుంటారు, నారదుడు శిష్యుడు మణికంధరుడితో వస్తాడు. కలభాషిణికి నలకూబరుడి మీద మనసు. ఇక వేషాలు మొదలవుతాయి, రంభ ఎదుటికి ఇంకో రంభ వచ్చి నిలబడుతుంది. మాస్టారు వరుస తప్పకుండా చెప్పాలని నానా అవస్థ పడ్డాడు. చివరికి ‘అర్థమవుతోందా ఆచారీ?’ అని అడిగాడు.

ఆచారి కాసేపు ఆలోచించి అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. ‘మేము విగ్రహానికి కన్ను కడాన తెరుస్తాము సార్. ఈయన గూడా అంతే. ముక్కు, మూతి, చేతులు అన్నీ చెక్కిపెట్టి, ఆ బ్రహ్మ చెప్పే కథ కాడ కన్ను తెరిచినాడు. అప్పుడు గదా ఎవురు ఎవురో తెలిసేది.’

‘అంతసేపు కన్ను తెరవకపోతే చూసేవాడు విసుక్కోడా?’ అని మాస్టారు పట్టుబట్టాడు.

‘విసుక్కునేటోనికి ముక్కు మాత్రం యాడ కనపడతాది సార్?’ అన్నాడు ఆచారి.

కట్టమంచివారు కథాసంవిధానం అని పేజీలకు పేజీలు రాసిన సంగతి, ఉలి పట్టిన మనిషి తన పనిలోంచి తీసి చెప్పాడు. విమర్శ చదువుకున్నవాళ్లకే చేతనవుతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తనకు తెలిసిన పనితో పుస్తకాన్ని ఆనించి చూసే ప్రతివాడూ నాకు విమర్శకుడే.

అవ్వ మాట ఇంకా లోతుకు పోయింది. కలభాషిణి రంభ రూపం తెచ్చుకుని పోతే, నలకూబరుడనుకుని ఆమె చేరుకున్నది అతని రూపంలో ఉన్న మణికంధరుణ్ణి. అది విని అవ్వ, ‘ఇద్దరిదీ దొంగ వేషమే గద నాయనా, ఇంక ఎవురు ఎవుర్ని మోసం చేసినట్టు?’ అంది. మాస్టారికి జవాబు తోచలేదు. మర్నాడు చెప్తానన్నాడు. మర్నాడు అవ్వే ఇంకో ప్రశ్నతో తయారు: ‘ఆ పిల్ల మళ్లా పుట్టి మధురలాలస అయ్యి ఆ కళాపూర్ణ రాజును పెండ్లాడిందంటివే. ఈ జన్మలో అడిగింది ఇంకో జన్మలో ఇస్తే ఇచ్చినట్టా?’ కలభాషిణి తరఫున అంత సూటిగా అడిగినవాళ్లను నేను అరుదుగా చూశాను. శాపాలూ వరాలూ లెక్క సరిపోతే చాలని చాలామంది పాఠకులు ఊరుకుంటారు. అవ్వ ఊరుకోలేదు.

బీరువాలో నా పక్క పుస్తకాలకూ ఇట్లాంటి యోగం పట్టడం విన్నాను. పి.వి. నరసింహారావు రాసిన ‘లోపలి మనిషి’ తెలుగు అనువాదం కోసం ఇక్కడివాళ్లు ప్రత్యేకంగా అడుగుతారు. 1991 ఉప ఎన్నికలో ఆయన్ను ఐదు లక్షలకు పైగా మెజారిటీతో ఢిల్లీకి పంపిన నియోజకవర్గం ఇది. తాము ఓటేసిన మనిషి నవల రాస్తే చదవకుండా ఎట్లా ఉంటారు? చదివినవాళ్లు నవలలోని అఫ్రోజాబాద్ అంటే ఏ రాష్ట్రం, ఫలానా ముఖ్యమంత్రి ఎవరు అని ఊహించుకుంటూ వాదించుకుంటారు. ఒక పెద్దాయన మాత్రం, ‘ఆ పేర్లు వెతికే పనిలో పడి కథానాయకుడు ఆనంద్ పడే సంకటం ఎవరికీ కనబళ్లేదు’ అని బాధపడ్డాడు. ఆయన పక్షమే నాది. ‘వేయిపడగలు’ను హిందీలోకి తీసుకుపోయిన మనిషి రాసిన నవలను నవలగా చదవాలి.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద వచ్చిన పుస్తకాలకు మాత్రం ఈ నేల మీద పరీక్ష కఠినంగా ఉంటుంది. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయన్ను ఉరి తీశారు. ఉయ్యాలవాడ ఆళ్లగడ్డకు దగ్గరే. పాటగా విన్న కథ ప్రతివాళ్ల నోట్లోనూ ఉంటుంది. 2019లో సినిమా వచ్చాక పిల్లలు పుస్తకం తీసుకుపోయి, ఇంట్లో పెద్దవాళ్లు పాడినదానితో పోల్చి, ‘ఇది మా జేజి చెప్పినట్టు లేదు’ అని తిరిగి ఇచ్చారు. చరిత్ర పుస్తకానికీ పాటకూ మధ్య నిలబడి ఏది ఎందుకు వేరుగా ఉందో అడగడం కంటే మంచి చదువు నాకు తెలీదు.

ఇప్పుడు గ్రంథాలయం నిండా పోటీపరీక్షల పిల్లలు. వాళ్లకు నేను ఒక్క మార్కు ప్రశ్నను. కళాపూర్ణోదయం కృతిభర్త ఎవరు? నంద్యాల కృష్ణరాజు. టిక్కు పెట్టి ముందుకు పోతారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, ఉద్యోగం రావాలి, ఇల్లు గడవాలి. కాని అట్లా టిక్కు పెట్టిన ఒక అమ్మాయి తలెత్తి, ‘నంద్యాలంటే మన నంద్యాలేనా?’ అని పైకే అనుకుని, లేచి వచ్చి నన్ను బయటికి తీసింది. ఆ రోజు పద్యాలు ఆమెకు కొరుకుడు పడలేదు. తర్వాత వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి 2002లో వేసిన నా ఇంగ్లీషు అనువాదం ఎక్కడో సంపాదించి చదివి, కథ పట్టుకుని మళ్లీ నా దగ్గరికి వచ్చింది. ఇంగ్లీషు మెట్టు మీంచి తెలుగు ఇంటికి రావడం ఏమిటని ముక్కున వేలేసుకునేవాళ్లుంటారు. ఏ మెట్టయితేనేం, వచ్చింది కదా. ఇప్పుడు పద్యం దగ్గర ఆగి, నిఘంటువు తిప్పి, గొంతు తగ్గించి చదువుతుంది.

రిటైరైన ఆ మాస్టారు ఇప్పటికీ వస్తుంటాడు. ఒకరోజు ఆయనకూ ఆ అమ్మాయికీ వాదం పడింది.

‘సార్, కళాపూర్ణుడి పుట్టుక రహస్యం విడిపోయాక కథ అయిపోయినట్టే. తర్వాత పెళ్లి ముచ్చట్లు, వర్ణనలు. సూరన అక్కడ ప్రబంధాల దారిలోకి జారిపోయాడనిపించింది’ అందామె.

‘కట్టమంచి అంతటివాడు మెచ్చిన కావ్యం తల్లీ!’

‘ఆయన మెచ్చింది ఆయన చెప్పినాడు. నాకు నచ్చంది నేను చెప్తున్నా.’

మాస్టారు నన్ను అందుకుని ఏడో ఆశ్వాసం దగ్గర తెరిచి, మధురలాలస విరహంలో ఒక పద్యం చదివి, ఇది లేకపోతే కలభాషిణి కోరిక తీరినట్టు పాఠకుడికి ఎట్లా తెలుస్తుందన్నాడు. తీరిందని మీరనుకుంటున్నారు, తీరలేదని నేననుకుంటున్నానంది అమ్మాయి. ఆళ్లగడ్డ అవ్వ అన్న మాటే. ఈమె అవ్వను ఎరగదు. మాస్టారు ఉలిక్కిపడి చూశాడు, తర్వాత అవ్వ సంగతంతా చెప్పాడు.

నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు వస్తాయి. 14 నుంచి 20 దాకా. ఈసారి నా మీద మాట్లాడమని మాస్టారు ఆమెను అడిగాడు. పొగడమంటే పొగడను సార్, కలభాషిణికి అన్యాయం జరిగిందనే చెప్తానంది. చెప్పమ్మా, నేను లేచి జవాబిస్తాను అన్నాడాయన. చీటీ మీద వాపసు తేదీ వేయించుకుని ఆమె నన్ను ఇంటికి తీసుకుపోయింది, చివరి రెండు ఆశ్వాసాలు మళ్లీ చదవడానికి.